పరేడ్ బాట గురించి రెండు సవరణలు, ఒక విన్నపం

సంపాదకులకు,

నమస్కారములు.

గడచిన ఆదివారం మీ అనుబంధంలో ఢిల్లీ కర్తవ్యపథ్ (గణతంత్ర కవాతు జరిగే బాట, మొన్నటిదాకా రాజ్‌పథ్) గురించి వచ్చిన యాత్రా వ్యాసాన్ని మా ఇంట్లో మూడు తరాల వాళ్లం చదివాం. మాది ఒడిశాలోని బరంపురం. ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనుమరాలికి బడిలో ఒడియా, ఇంగ్లీషు తప్ప తెలుగు లేదు. ఇంట్లో కూర్చోబెట్టి మీ పత్రిక శీర్షికలు చదివించే ఆమెకు తెలుగు అక్షరాలు నేర్పాను గనుక, అందులో అచ్చయిన ప్రతి మాటా ఆమెకు ప్రమాణమే. ఆ కారణంగానే వ్యాసంలో దొర్లిన రెండు పొరపాట్లను సవరించమని రాస్తున్నాను. రాయడానికి కూర్చున్నాక, నిరుడు జనవరిలో మేము స్వయంగా వెళ్లి చూసి వచ్చిన సంగతులు కూడా చెప్పాలనిపించింది. నిడివి ఎక్కువైందనుకుంటే నా యాత్రను ఎక్కడైనా కత్తిరించండి, సవరణలను మాత్రం ఉంచండి.

మొదటి పొరపాటు 1950 గురించి. గణతంత్ర దినోత్సవ కవాతు "తొలి ఏడాది నుంచీ రాజ్‌పథ్ మీదనే" జరుగుతున్నదని వ్యాసకర్త రాశారు. అది సరి కాదు. 1950 జనవరి 26 ఉదయం 10 గంటల 18 నిమిషాలకు భారతదేశం గణతంత్రమైందని ప్రకటించి, మరో ఆరు నిమిషాలకు దర్బారు హాలులో బాబూ రాజేంద్రప్రసాద్ రాష్ట్రపతిగా ప్రమాణం చేశాక, మధ్యాహ్నం ఆయన ఆరు గుర్రాలు లాగే పాత బగ్గీలో ఊరేగుతూ వెళ్లింది ఇర్విన్ స్టేడియానికి. ఇప్పుడు మేజర్ ధ్యాన్‌చంద్ పేరుతో ఉన్న ఆ స్టేడియం ఇండియా గేటుకు తూర్పున, అదే బాట కొసన ఉంది. తొలి కవాతు అక్కడే జరిగింది, ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో ముఖ్య అతిథిగా వచ్చిందీ అక్కడికే. ఆ తరువాత కొన్నేళ్లపాటు ఎర్రకోట, రామ్‌లీలా మైదానం వంటి చోట్ల వేడుక ఇల్లు మారుతూ వచ్చి, 1955లో గాని రాజ్‌పథ్‌పై స్థిరపడలేదు. ఆ ఏడాది అతిథి పాకిస్తాన్ గవర్నర్ జనరల్ మాలిక్ గులాం మహమ్మద్. దేశం రెండుగా చీలి ఎనిమిదేళ్లయినా నిండకముందే, ఈ బాటపై మన సైన్యపు కవాతును ఆయన పక్కన కూర్చుని చూశారన్న సంగతి ఇప్పుడు ఎంతమందికి గుర్తుందో తెలియదు. మీ వ్యాసంలో దానికి చోటు దొరికి ఉంటే బాగుండేది.

రెండవది జ్యోతి గురించి. ఇండియా గేటు కమాను కింద అమర్ జవాన్ జ్యోతి "నేటికీ అఖండంగా వెలుగుతున్నది" అని రాశారు. 1971 యుద్ధం ముగిసిన కొద్ది వారాలకు, 1972 జనవరి 26న, అక్కడ ఆ జ్యోతిని వెలిగించిన మాట నిజం. అయితే 2022 జనవరి 21న ఆ జ్వాలను అక్కడికి కూతవేటు దూరంలోని జాతీయ యుద్ధ స్మారకంలో ఉన్న జ్యోతిలో కలిపారు. తలకిందులుగా నిలిపిన తుపాకిని, దానిపై ఉంచిన శిరస్త్రాణాన్ని కూడా తరువాత అక్కడికే తరలించారు. మీ వ్యాసం నమ్మి వెళ్లినవారు కమాను కింద వెతుక్కుని నిరాశపడి తిరిగి వస్తారే తప్ప, పక్కనే ఉన్న అసలు చోటికి వెళ్లరు. ఆ తరలింపు మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఏభై ఏళ్లు ఒకచోట వెలిగిన దీపాన్ని కదిలించడం వార్తల్లో చూసినప్పుడు నా మనసు నొచ్చుకుంది. వెళ్లి చూశాక సగం సమాధానపడ్డాను, సగం ఇంకా పడలేదు.

ఆ 1972 నాటి వేడుకలో సర్వసైన్యాధ్యక్షుడి హోదాలో వందనం స్వీకరించిన రాష్ట్రపతి మా ఊరివాడు. వరాహగిరి వేంకట గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు న్యాయవాది ఇంట పుట్టారు. అప్పటికి ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు గంజాంతో పాటు మేమూ ఇటు వచ్చాం. రైల్వే కార్మికుల నాయకుడిగా ప్రభుత్వాలతో పోరాడిన ఆ మనిషే 1969లో రాష్ట్రపతియై, 1970 నుంచి 1974 వరకు ఐదు కవాతులకు ఆ బాట పక్కన నిలబడి వందనం అందుకున్నారు. ఇప్పుడా స్థానంలో ఉన్న ద్రౌపదీ ముర్ముగారు మయూర్‌భంజ్ ఆడపడుచు. ఇద్దరు ఒడిశా బిడ్డలు ఎక్కిన గద్దె అని మా వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు గాని, ఆ గద్దె ముందున్న మైదానాన్ని కళ్లారా చూసినవారు మా వీధి మొత్తంలో నలుగురైనా ఉంటారో లేదో. ఊళ్లో గిరి రోడ్డు మీదుగా రోజూ కూరగాయలకు వెళ్లివచ్చే నేనే డెబ్బై ఏళ్లు దాటేవరకు వెళ్లలేదు.

వెళ్లకపోవడానికి డబ్బు ఒక కారణమే, దాన్ని కాదనను. అసలు కారణం మాత్రం అవి పెద్దవాళ్ల వేడుకలని, ఎంపీగారి చీటీ లేనిదే లోపలికి పోనివ్వరని మాలో పాతుకుపోయిన నమ్మకం. నేనూ అలాగే నమ్మాను. కవాతుకూ, జనవరి 29 సాయంత్రం రైసినా కొండ దిగువన విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్ అనే ముగింపు వేడుకకూ, దానికి ముందు జరిగే పూర్తిస్థాయి రిహార్సల్‌కూ రక్షణ శాఖ సామాన్యులకు టికెట్లు అమ్ముతుందని మా అల్లుడు చెప్పేవరకు నాకు తెలియదు. ఆమంత్రణ్ అనే వెబ్‌సైటులో కొనుక్కోవచ్చు. ఢిల్లీలో సేనా భవన్, శాస్త్రీ భవన్ వంటి చోట్ల కిటికీల దగ్గర గుర్తింపు కార్డు చూపించీ కొనుక్కోవచ్చు. మేము రిహార్సల్‌కు తీసుకున్న టికెట్ ధర మనిషికి 20 రూపాయలు. బరంపురం స్టేషన్ బయట టీ, సమోసాకు అయ్యే ఖర్చుతో దేశంలోని అతి పెద్ద సైనిక వాద్యగోష్ఠిని చూడవచ్చునని ముందే తెలిసి ఉంటే పదేళ్ల కిందటే, మోకాళ్లు బాగున్నప్పుడే వెళ్లేవాడిని.

బీటింగ్ రిట్రీట్ గురించి మీ వ్యాసం ఒక్క వాక్యంతో సరిపెట్టింది. నా లెక్కలో చూడవలసినది అదే. పాతకాలపు సేనలు పొద్దు గూకగానే బాకా వినిపిస్తే ఆయుధాలు ఒరలో పెట్టి, జెండాలు చుట్టి, శిబిరాలకు తిరిగి వెళ్లే ఆచారం నుంచి ఈ వేడుక పుట్టింది. పడమటి దేశాల ఆచారమని కొందరు పెదవి విరుస్తారు గాని, సూర్యుడు అస్తమించాక బాణం వేయరాదన్న నియమం కురుక్షేత్రంలోనూ ఉంది. ఆ నియమం లేకపోతే సైంధవుడి కథే లేదు. విజయ్ చౌక్‌లో కూర్చున్నవాళ్లకు పడమటి దిక్కున రైసినా కొండ, దానిపై రెండు వైపులా సచివాలయ భవనాలు, వాటి ప్రాకారాల మీద ఆకాశానికి అతికించినట్లు కదలకుండా నిలబడిన సరిహద్దు భద్రతా దళం ఒంటెలు కనిపిస్తాయి. నేలపై త్రివిధ దళాల బ్యాండ్లు వరుసలు కలుస్తూ, విడిపోతూ, ఒకదానిలోంచి ఒకటి దూరి వెళుతూ వాయిస్తుంటే, వందల మంది పాదాలు ఒకే చప్పుడుగా వినిపించడం టీవీలో ఎంత పెద్ద తెర కొన్నా రాదు. టీవీ మనకు ముఖాలను దగ్గరగా చూపిస్తుంది. ఆ వరుసల ముగ్గు మొత్తంగా కనబడాలంటే మాత్రం దూరంగా మెట్ల మీద కూర్చోవలసిందే.

చివరికి బ్యూగిల్ ఊదారు, జెండాలు మెల్లగా దిగాయి, వెలుతురు చప్పబడింది. అంతవరకు కబుర్లాడుతున్న జనమంతా ఎవరూ చెప్పకుండానే నిశ్శబ్దమయ్యారు. ఆ మరుక్షణం కొండ మీది భవనాలన్నిటికీ ఒక్కసారి దీపాలు వెలిగాయి. మా పక్కన హర్యానా నుంచి వచ్చిన ఒక ముసలాయన, వేషం చూస్తే రైతులా ఉన్నాడు, దీపాలు వెలగగానే చేతులు జోడించాడు. మన ఊళ్లలో సాయంత్రం దీపం పెట్టగానే దండం పెట్టుకుంటామే, అలాగే. నాకు భాష సరిగా రాక ఆయనతో మాట్లాడలేకపోయాను, కాని నేనూ చేతులు జోడించాను.

రాష్ట్రపతి భవన్ ముందు జరిగే గార్డు మార్పిడి మాత్రం మాకు దక్కలేదు. ఆ రోజుల్లో సందర్శకులకు అది ఉండదని అక్కడికి వెళ్లాకే తెలిసింది. 1773లో వారన్ హేస్టింగ్స్ కాలంలో మొదలై, మన సైన్యంలో అన్నిటికన్నా పాతదిగా చెప్పే రాష్ట్రపతి అంగరక్షక దళపు గుర్రాలను దూరం నుంచి చూసి తృప్తిపడ్డాం.

ఒకరోజు విడిచి మరునాడు ఉదయం బాట మీద నడిచాం. ఇండియా గేటు నుంచి రైసినా కొండ వైపు, అంటే తూర్పు నుంచి పడమరకు. కవాతు ఎదురు దిక్కుగా, కొండ నుంచి దిగుతూ వస్తుంది, కాని చూడవచ్చినవాడు కింది నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం, కారణం తరువాత చెబుతాను. మొత్తం దాదాపు 3 కిలోమీటర్లు. మెట్ల బల్లలూ ఇనుప కంచెలూ ఇంకా పూర్తిగా విప్పలేదు, పెళ్లి మరునాటి పందిరిలా ఉంది. 42 మీటర్ల ఇండియా గేటుకు 1921 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది, పదేళ్ల తరువాత 1931 ఫిబ్రవరిలో వైస్రాయి ఇర్విన్ దాన్ని ప్రారంభించాడు. తెల్లదొరల యుద్ధాల్లో చనిపోయిన మన సిపాయిలు 70 వేలకు పైగా ఉండగా, 13 వేల పైచిలుకు పేర్లు ఆ రాళ్లపై చెక్కి ఉన్నాయి.

దాని వెనుక ఉన్న మండపం దగ్గర నేను అనుకున్నదానికన్నా ఎక్కువ సేపు నిలబడిపోయాను. అక్కడ 1936లో ఐదవ జార్జి చక్రవర్తి విగ్రహాన్ని నిలిపారు. మా జిల్లా మద్రాసు నుంచి ఒడిశాకు మారిన ఏడాదే అది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇరవై ఏళ్లు ఆయన అక్కడే నిలబడి, 1968లో దిగాడు. ఆపైన మండపం ఏభై ఏళ్లకు పైగా ఖాళీగా ఉండి, 2022 సెప్టెంబరు 8న నేతాజీ విగ్రహానికి నెలవైంది. రాజ్‌పథ్ కర్తవ్యపథ్‌గా మారిందీ అప్పుడే. నేతాజీ పుట్టింది కటకంలో. ఆ 28 అడుగుల నల్లరాతి విగ్రహాన్ని చెక్కిన 280 టన్నుల ఏకశిల వచ్చింది ఖమ్మం నుంచి, 140 చక్రాల లారీ మీద 1,665 కిలోమీటర్లు ప్రయాణించి. ఒడిశాలో పుట్టిన మనిషి, తెలుగు నేల రాయి. ఒడిశాలో ఉంటూ తెలుగు మాట్లాడే మాబోటివాళ్లకు అంతకన్నా దగ్గరి విగ్రహం దేశంలో ఇంకొకటి ఉంటుందనుకోను. మీ వ్యాసకర్త ఆ మండపాన్ని "అందమైన ఛత్రి" అని మాత్రమే అన్నారు.

అక్కడి నుంచి పడమరకు నడుస్తుండగా మా మనుమరాలు ఒక వింత కనిపెట్టింది. ఇండియా గేటు దగ్గర నిండుగా కనబడిన రాష్ట్రపతి భవన్, దగ్గరవుతున్నకొద్దీ పెద్దది కావలసింది పోయి, నేలలోకి దిగబడుతూ వచ్చింది. విజయ్ చౌక్ చేరేసరికి గుమ్మటం పైభాగం తప్ప ఏమీ మిగలలేదు. "తాతా, ఇల్లెక్కడికి పోయింది?" అని అడిగింది. ఇది మన కంటి భ్రమ కాదు, ఇద్దరు వాస్తుశిల్పుల తగాదా. రాష్ట్రపతి భవన్‌ను రూపొందించిన ఎడ్విన్ లుట్యెన్స్‌దీ, సచివాలయాన్ని రూపొందించిన హెర్బర్ట్ బేకర్‌దీ మొదట మంచి స్నేహం. కొండ పైభాగాన్ని సచివాలయ భవనాలకూ పంచి, వైస్రాయి భవనాన్ని వెనక్కి జరపడానికి లుట్యెన్స్ ఒప్పుకున్నాడు. మధ్య రోడ్డును ఎంత ఏటవాలుగా తీశారో, దానివల్ల కింది నుంచి చూసేవారికి తన భవనం ఎంతగా మరుగున పడుతుందో ఆయన ఆలస్యంగా గ్రహించాడు. వాలు తగ్గించమని ఏళ్ల తరబడి పోరాడినా పని జరగలేదు, స్నేహం మాత్రం చెడిపోయింది. వైస్రాయి కొలువు కోసం కట్టిన రాజవీథిలో, సరిగ్గా సేనలు నిలిచే చోట, వైస్రాయి ఇల్లే కనబడకపోవడం చూస్తే నాకు నవ్వు వచ్చింది. ప్రజలు నిలబడే చోటి నుంచి ప్రభువుల ఇల్లు కనబడకూడదని ఆ వాలు తనంతట తానే తీర్పు చెప్పినట్లుంది. కొండ మీది నుంచి దిగుతూ వచ్చేవారికి ఈ తమాషా తెలియదు. కింది నుంచి నడవమన్నది అందుకే.

సాయంత్రానికి వెనక్కి నడిచి జాతీయ యుద్ధ స్మారకానికి వెళ్లాం. 2019 ఫిబ్రవరి 25న తెరిచిన ఈ స్మారకంలోకి ప్రవేశానికి రుసుము లేదు. మధ్యలో జ్యోతి వెలిగే స్తంభం, దాని చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా అమర, వీరతా, త్యాగ, రక్షక చక్రాలు. త్యాగ చక్రం గోడలను చక్రవ్యూహం పోలికలో కట్టారు. తెలుగువాళ్లం పద్మవ్యూహమంటే తప్ప మనకు వెంటనే తోచదు. లోపలికి పోవడం తెలిసి, బయటికి రావడం తెలియని పదహారేళ్లవాడి కథ వింటూ పెరిగినవాళ్లకు, ఆ వంపు తిరిగిన గోడల మధ్య నడుస్తూ ఒక్కొక్క రాతి పలకపై ఒక్కొక్క పేరు చదవడం ఏమంత తేలిక కాదు. స్మారకం తెరిచిన నాటికే అలాంటి పలకలు 25,942.

2020 జూన్ 15న గల్వాన్ లోయలో చనిపోయిన 20 మంది పేర్లు చూడాలని మా మనుమరాలి పట్టు. కాపలా ఉన్న యువకుడు దారి చూపించాడు. 16 బిహార్ రెజిమెంటు కమాండింగ్ అధికారి కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేటవారు. ఆయనతోపాటు ఆ రాత్రి నేలకొరిగిన అదే బెటాలియన్ నాయబ్ సుబేదార్ నుదూరాం సోరెన్ మయూర్‌భంజ్‌వారు, సిపాయి చంద్రకాంత ప్రధాన్ మా పక్క జిల్లా కంధమాల్ బిడ్డ. బడిలో తెలుగుపిల్ల అని ఒకరు, ఇంటికొచ్చే చుట్టాల ముందు ఒడియాపిల్ల అని ఒకరు ఆటపట్టించే మా అమ్మాయి ఆ మూడు పేర్లనూ తన నోటుపుస్తకంలో పక్కపక్కన తెలుగు అక్షరాలతో రాసుకుంది. సోరెన్‌లో పొల్లు ఎక్కడ పెట్టాలని అడిగింది, అంతే, వేరే ఏమీ మాట్లాడలేదు.

పొద్దు వాలే వేళ అక్కడ రోజూ ఒక చిన్న వేడుక జరుగుతుంది. అమరుడైన ఒక సైనికుడి ఇంటివారిని పిలిచి, వారి చేత పుష్పగుచ్ఛం ఉంచిస్తారు. ఆ రోజు వచ్చినది తల మీద ముసుగు వేసుకున్న ఒక పెద్దావిడ. గుచ్ఛం బరువుకు ఆమె చేతులు వణుకుతుంటే ఇద్దరు జవాన్లు చెరొకవైపు పట్టుకున్నారు గాని అడుగు మాత్రం ఆమె అడుగుతో కలిపి, చాలా మెల్లగా వేశారు. వందలమంది ఒకే వేగంతో అడుగు వేసే బ్యాండ్ల కవాతును రెండు రోజుల కిందటే చూసిన నాకు, ఇద్దరు సైనికులు ఒక ముసలితల్లి వేగానికి తమ అడుగు తగ్గించుకున్న ఈ పది గజాల కవాతు ఎక్కువ కాలం గుర్తుంటుంది. చూడటానికి మేము ఏభై మందిమి కూడా లేము.

ఇక విన్నపం. గోపాల్‌పూర్‌లో సైనిక గగనతల రక్షణ కళాశాల ఉన్నందున మా ప్రాంతంలో సముద్రం వైపు నుంచి ఫిరంగుల చప్పుడు వినని పిల్లవాడు ఉండడు. సైన్యం మాకు కొత్త కాదు, రాజధానిలోని సైనిక వేడుకలే దూరం. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు చదివే ఇళ్లకు ఈ సమాచారం ఇవ్వగలిగినవి తెలుగు పత్రికలే. స్మారకం దగ్గర నేను చూసినంతలో వివరాలు హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి, మా ఆవిడకు రెండూ రావు, నేను చదివి చెబుతూ వచ్చాను. కాబట్టి రాబోయే జనవరికి ముందు, డిసెంబరు చివరి ఆదివారంలోగా, మీ అనుబంధంలో ఒక పేజీ ఇందుకు కేటాయించండి. టికెట్ల అమ్మకం ఏ రోజు మొదలవుతుంది, ఏ గుర్తింపు కార్డు కావాలి, ఏ రోజుల్లో బాట మూసి ఉంటుంది, గార్డు మార్పిడి ఏ వారాల్లో ఉండదు, వయసు మళ్లినవారు సెంట్రల్ సెక్రటేరియట్ మెట్రో స్టేషన్‌లో దిగితే ఎంత నడవాలి, నీళ్ల సీసా, గొడుగు లోపలికి రానిస్తారా, ఇటువంటివి రాస్తే చాలు. వర్ణనలు తక్కువైనా ఫర్వాలేదు. నా గొడుగును ద్వారం దగ్గరే వదులుకున్నాను గనుక ఆఖరిది మరచిపోవద్దని ప్రత్యేకంగా అడుగుతున్నాను.

పై రెండు సవరణలను అనుబంధంలోనే, వ్యాసం వచ్చిన చోటనే, కంటికి ఆనే అక్షరాలలో అచ్చువేయండి. మా మనుమరాలు ఆ వ్యాసాన్ని కత్తిరించి తన పుస్తకంలో అంటించుకుంది. సవరణ వస్తే దాని పక్కన అంటించడానికి జాగా వదిలిపెట్టింది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా